టీబీ మాత్రలు వేసుకోవడం ఎలా: ఏ మందు ఏ పని చేస్తుందో తెలిసి వేసుకుందాం

కోవూరు దాటి అల్లూరు వైపు వెళ్లే దారిలోని ఒక ఊళ్లో నాకు మందుల దుకాణం ఉంది. టీబీ మాత్రలు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది కాబట్టి వాటిని నా దగ్గర కొనేవాళ్లు తక్కువ. అయినా అప్పుడప్పుడు ఎవరో ఒకరు మాత్రల అట్టను చొక్కా జేబులో మడిచి పెట్టుకుని వస్తారు. పక్కన మనుషులు లేని సమయం చూసుకుని, గొంతు తగ్గించి అడుగుతారు: "ఇన్ని మాత్రలు ఎందుకు? వీటిలో ఏదైనా తగ్గించవచ్చా?" వాళ్లను నేను తప్పు పట్టను. ఆరు నెలలు రోజూ మింగమని చెప్పిన వాళ్లు, ఏది ఎందుకు మింగుతున్నారో కూడా చెప్పి ఉండాల్సింది. ఏ మాత్ర లోపల ఏ పని చేస్తుందో తెలిసిన మనిషి దాన్ని మధ్యలో మానడం నేను చాలా అరుదుగా చూశాను. అందుకే ఇదంతా రాస్తున్నాను. మీకు టీబీ ఉన్నా, మీ ఇంట్లో ఎవరికైనా ఉన్నా, ఈ వరుసలోనే వెళ్లండి.

ముందు గళ్ల పరీక్ష, ఆ తర్వాతే మొదటి మాత్ర

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రమయ్యేసరికి వచ్చే జ్వరం, కారణం లేకుండా తగ్గే బరువు, రాత్రి చెమటలు, గళ్లలో రక్తపు చార. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నేరుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. మందుల దుకాణానికి వచ్చి దగ్గు సిరప్పు అడగకండి. ముఖ్యంగా "పోయినసారి ఇచ్చిన ఆ బలమైన యాంటీబయాటిక్ ఇవ్వండి" అని అడగవద్దు. లెవోఫ్లాక్సాసిన్ వంటి మందులకు టీబీ క్రిమిని కొంత అణచే శక్తి ఉంది. ఐదు రోజులు వాడితే జ్వరం తగ్గుతుంది, దగ్గు నెమ్మదిస్తుంది, పరీక్షలో క్రిమి దొరకకుండా దాక్కుంటుంది. నెల తర్వాత రోగం తిరిగి వస్తుంది. ఆ మందుకు లొంగని క్రిములు కూడా వెంట రావచ్చు. రేపు మొండి టీబీకి పనికి రావాల్సిన మందును ఇవాళ దగ్గుకు ఖర్చు పెట్టుకోకూడదు.

గళ్ల ఇవ్వడంలో చాలామంది పొరపాటు చేస్తారు. డబ్బాలో ఉమ్మి వేసి ఇస్తారు. ఉమ్మిలో క్రిమి దొరకదు. ఉదయం లేవగానే నోరు నీళ్లతో పుక్కిలించి, ఆరుబయట నిలబడండి. రెండు మూడుసార్లు ఊపిరి నిండా పీల్చి వదిలి, ఛాతీ అడుగు నుంచి దగ్గి, చిక్కగా వచ్చినదే డబ్బాలో వేయండి. ఆరుబయటే అని ఎందుకు చెబుతున్నానంటే, మూసి ఉన్న గదిలో దగ్గితే ఆ తుంపరలు అక్కడే గాలిలో తేలుతూ ఉంటాయి.

ఇప్పుడు ట్రూనాట్, సీబీనాట్ అనే యంత్రాలు వచ్చాయి. ఇవి గళ్లలో టీబీ క్రిమి జన్యువును వెతకడంతో ఆగవు. రిఫాంపిసిన్ అనే మందుకు ఆ క్రిమి లొంగుతుందో లేదో కూడా గంటల్లో చెబుతాయి. ఈ రెండో సంగతి మీకు చాలా ముఖ్యం. "రిఫాంపిసిన్ ఫలితం ఏం వచ్చింది?" అని తప్పకుండా అడిగి తెలుసుకోండి. లొంగదని వస్తే మీకు ఇచ్చే మందులే వేరు.

నాలుగు మందులు, నాలుగు పనులు

జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ 1882 మార్చి 24న టీబీకి కారణమైన క్రిమిని లోకానికి చూపించాడు. ఆ క్రిమికి ఉన్న రెండు గుణాలు తెలిస్తే మీ మాత్రలన్నీ అర్థమవుతాయి.

ఒకటి, దాని ఒంటి చుట్టూ మైనం లాంటి దట్టమైన పొర ఉంటుంది. తామరాకు మీద నీటి చుక్క జారిపోయినట్టు చాలా మందులు దాని మీద నుంచి జారిపోతాయి. రెండు, అది మహా నిదానం. పేగుల్లో ఉండే మామూలు బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకు ఒకటి రెండవుతుంది. టీబీ క్రిమికి దాదాపు ఇరవై గంటలు పడుతుంది. మందులు ఎక్కువగా దెబ్బ కొట్టేది క్రిమి పెరిగే సమయంలోనే. పెరగకుండా పడుకున్న క్రిమిని మందు గుర్తుపట్టలేదు. జలుబు మాత్ర మూడు రోజుల్లో ముగిసినట్టు ఇది ముగియకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు మీ అరచేతిలోని మాత్రను చూడండి. పెద్దవాళ్లకు మొదటి రెండు నెలలు ఇచ్చే ఒక్కో మాత్రలో నాలుగు మందులు కలిసి ఉంటాయి: ఐసోనియాజిడ్ 75 మిల్లీగ్రాములు, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబుటాల్ 275. అందుకే "ఒకటి తగ్గించవచ్చా" అనే ప్రశ్నకు అర్థం లేదు. ఒక మాత్ర తగ్గిస్తే నాలుగు మందులూ తగ్గిపోతాయి, నాలుగూ సరిపోకుండా పోతాయి.

ఐసోనియాజిడ్ 1952 నుంచి వాడుకలో ఉంది. మింగినప్పుడు దానికదే మందు కాదు. క్రిమి లోపలికి వెళ్లాక క్రిమిలోని ఒక ఎంజైమే దాన్ని మందుగా మారుస్తుంది. తన చావును తానే తయారు చేసుకున్నట్టు. అలా మారిన మందు మైనపు పొర తయారీని ఆపేస్తుంది. గోడ కట్టకుండానే గది పెంచబోయిన ఇల్లు కూలినట్టు, పెరగబోయిన క్రిమి పగిలిపోతుంది. మొదటి కొద్ది రోజుల్లోనే చురుకుగా పెరుగుతున్న క్రిముల్లో చాలా భాగాన్ని చంపేది ఇదే.

ఇథాంబుటాల్ కూడా ఆ గోడ మీదే పనిచేస్తుంది, వేరే చోట. మైనపు పొర అతుక్కుని నిలవడానికి కింద చక్కెర గొలుసుల తడిక ఒకటి ఉంటుంది. ఆ తడిక అల్లకుండా ఇది అడ్డుకుంటుంది. ఒంటరిగా ఇది అంత బలమైన మందు కాదు. మిగతా మందుల్లో ఏదైనా ఒకదానికి క్రిమి లొంగకపోతే, మిగిలినవి కూడా వాటి పట్టు కోల్పోకుండా కాపలా ఉండటమే దీని ముఖ్యమైన పని. ఈ మందు 1961లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయంలో బయటపడింది. అదే సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించి 1948లో కన్నుమూసిన మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు దీన్ని చూడలేదు. అయినా ఆ మాత్రను చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ నాకు ఆయన గుర్తొస్తారు.

రిఫాంపిసిన్ ఈ నలుగురిలో పెద్ద. క్రిమి బతకాలంటే తన జన్యువుల్లో ఉన్న సమాచారాన్ని ఎప్పటికప్పుడు నకలు తీసుకోవాలి. పాత రోజుల్లో కరణం అసలు దస్త్రం కదపకుండా, అవసరమైన పుట మాత్రమే నకలు రాసి ఇచ్చినట్టు. ఆ నకలు రాసే ఎంజైమును రిఫాంపిసిన్ పట్టుకుంటుంది. రెండు మూడు అక్షరాలు రాసేసరికి చేయి ఆగిపోతుంది. దీని గొప్పతనం మరొకటి ఉంది. దాదాపు నిద్రలో ఉన్న క్రిమి కూడా మధ్యలో ఒక్కసారి కళ్లు తెరిచి నకలు తీయబోతుంది. ఆ కొద్దిసేపట్లోనే ఇది దాన్ని కొట్టగలదు. రిఫాంపిసిన్ రాకముందు వైద్యం ఏడాది, ఏడాదిన్నర సాగేది. ఆరు నెలలకు కుదిరిందంటే ఈ మందు, దీనితోపాటు పైరజినమైడ్ వల్లే.

పైరజినమైడ్ దారి వింతగా ఉంటుంది. మామూలు చోట ఇది దాదాపు పనిచేయదు. వాపు వచ్చిన ఊపిరితిత్తి కణజాలంలో, క్రిమిని మింగిన తెల్లకణాల లోపల పులుపు పెరుగుతుంది. మిగతా మందులు అంతగా పనిచేయలేని ఆ పులుపు చోట్లలో మందకొడిగా దాక్కున్న క్రిములను ఇది వెతికి చంపుతుంది. వాపు తగ్గితే ఆ పులుపు చోట్లు కూడా తగ్గుతాయి. అందుకే దీన్ని మొదటి రెండు నెలలకే ఇచ్చి ఆపేస్తారు.

నాలుగూ కలిపి ఎందుకు అనే దానికి ఒక లెక్క ఉంది. ఊపిరితిత్తిలో ఏర్పడిన ఒక గుంతలో పది కోట్ల క్రిములు ఉన్నాయనుకోండి. ఐసోనియాజిడ్‌కు పుట్టుకతోనే లొంగని క్రిమి సుమారు పది లక్షల్లో ఒకటి ఉంటుంది. అంటే ఆ గుంతలో వంద. ఒక్క ఐసోనియాజిడ్ మాత్రమే ఇస్తే మిగతావన్నీ చచ్చి, ఆ వంద మిగిలి, ఖాళీ అయిన చోటంతా అవే నిండుతాయి. రిఫాంపిసిన్‌కు లొంగనిది పది కోట్లలో ఒకటి. రెండింటికీ ఒకేసారి లొంగనిది కోటి కోట్లలో ఒకటి. అన్ని క్రిములు మనిషి ఒంట్లో ఉండవు. 1940లలో స్ట్రెప్టోమైసిన్ ఒక్కదాన్నే ఇచ్చినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. రోగులు మొదట తేరుకున్నారు, కొన్ని నెలల్లో ఆ మందుకు లొంగని టీబీతో మళ్లీ మంచం పట్టారు.

బరువు తూచి మాత్రల లెక్క, గడియారం చూసి వేళ

మీకు రోజుకు ఎన్ని మాత్రలన్నది వయసును బట్టి కాదు, బరువును బట్టి నిర్ణయిస్తారు. 25 నుంచి 34 కిలోలు ఉంటే రెండు, 35 నుంచి 49 వరకు మూడు, 50 నుంచి 64 వరకు నాలుగు, 65 నుంచి 75 వరకు ఐదు, అంతకు మించితే ఆరు. పిల్లలకు లెక్క వేరు, మాత్రలూ వేరు. వాళ్ల సంగతి డాక్టరే చెప్పాలి. నెలనెలా బరువు తూయించుకుని చీటీ మీద రాయించుకోండి. బరువు పెరిగి పై మెట్టుకు చేరితే లెక్క మార్చాలా అని అడగండి.

మాత్రలన్నీ ఒక్కసారే వేసుకోవాలి. "నాలుగు ఒకేసారి అంటే వేడి చేస్తుంది, ఉదయం రెండు రాత్రి రెండు వేసుకుంటాను" అంటారు చాలామంది. అలా చేయకండి. ఈ మందులు రక్తంలో ఒక్కసారిగా ఎత్తుకు చేరినప్పుడే క్రిమికి గట్టి దెబ్బ తగులుతుంది. సగం సగం వేసుకుంటే ఆ ఎత్తు రాదు.

ఉదయం పరగడుపున, టిఫినుకు గంట ముందు మంచినీళ్లతో వేసుకోవడం ఉత్తమం. కడుపులో తిండి ఉంటే రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ ఒంటికి తక్కువగా పడతాయి. వికారం భరించలేకపోతే ఒక ఇడ్లీ తిని వేసుకోండి. మానడం కంటే అది ఎంతో మేలు. కానీ అట్టలో మాత్రలను ముందే చింపి డబ్బాలో పోసి ఉంచవద్దు. మన తీరం వైపు గాలిలో తేమ ఎక్కువ. రొయ్యల గుంటల దగ్గర పాకలో ఉండేవాళ్లయితే అట్టను మూత ఉన్న స్టీలు డబ్బాలో, ఎండ తగలని చోట పెట్టుకోండి.

ఒక రోజు మర్చిపోతే మరుసటి రోజు రెట్టింపు వేసుకోకండి. మామూలు లెక్కే వేసుకుని, తప్పిన రోజును చివర్లో కలపమని ఆరోగ్య కార్యకర్తకు చెప్పండి. మొదటి దశలో 56 రోజుల మాత్రలు, రెండో దశలో 112 రోజుల మాత్రలు. మొత్తం 168. గోడ మీది క్యాలెండర్‌లో వేసుకున్న ప్రతిరోజూ ఒక సున్నా చుట్టండి. అదే క్యాలెండర్‌తో మరో పని ఉంది, కింద చెబుతాను.

పదో వారం దగ్గర జాగ్రత్త

మా మామయ్య ఒకరు రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండేవారు. 2011లో టీబీ వచ్చింది. నెల తిరిగేసరికి జ్వరం పోయింది, ఆకలి వచ్చింది, రెండు నెలల్లో నాలుగు కిలోలు పెరిగారు. పదో వారంలో మాత్రలు ఆపేశారు. ఎందుకు ఆపారని అడిగితే చొక్కా చేతులు పైకి మడిచి చూపించారు, కండ పట్టింది చూడు అని. ఆరోజు ఆయన ముఖంలోని సంతోషం నాకింకా గుర్తుంది. నేను అప్పుడు చదువుకుంటున్నాను. నాకు తెలిసిన సంగతిని ఆయనకు అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. ఎనిమిది నెలలకు రోగం తిరగబెట్టింది. ఈసారి ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండూ పనిచేయలేదు. రెండేళ్ల వైద్యం, అందులో నెలల తరబడి ఇంజెక్షన్లు. ఆ ఇంజెక్షన్ల వల్ల ఎడమ చెవి వినపడకుండా పోయింది.

అప్పుడు ఆయనకు చెప్పలేకపోయింది ఇది. వరి చేలో తుంగ మొలిస్తే పైన కోసి పారేసిన రోజు చేను శుభ్రంగా కనిపిస్తుంది. నేలలోని గడ్డ అలాగే ఉంటుంది. తడి తగలగానే మళ్లీ మొలుస్తుంది. మొదటి రెండు నెలల మాత్రలు పైకి కనిపించే తుంగను కోస్తాయి. దగ్గు, జ్వరం పోయేది అప్పుడే. తర్వాతి నాలుగు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, ఇథాంబుటాల్ కలిసిన మాత్రలు ఆ గడ్డల కోసం. ఆ దశలో మీకు ఏ బాధా ఉండదు. మాత్ర మానడానికి కారణాలన్నీ అప్పుడే దొరుకుతాయి, వేసుకోవాల్సిన అవసరం కూడా అప్పుడే ఎక్కువ.

ఇంట్లో వాళ్లకు ఒక మాట. తొమ్మిదో వారం నుంచి పన్నెండో వారం వరకు మీరే మాత్ర చేతికి అందించండి, మీ ఎదుటే మింగమనండి. రెండు నెలలు పూర్తికాగానే గళ్ల పరీక్ష మళ్లీ చేయించండి. కొన్నాళ్లు వేసుకుని కొన్నాళ్లు మాని మళ్లీ మొదలుపెట్టడం రిఫాంపిసిన్ విషయంలో ప్రత్యేకంగా ప్రమాదం. అలా చేసినవాళ్లకు ఒళ్లు నొప్పులతో జ్వరం రావచ్చు, అరుదుగా రక్తంలోని ప్లేట్‌లెట్లు కూడా పడిపోతాయి.

పక్కన వాడే మందులు, పక్కన తినే కూరలు

రిఫాంపిసిన్ కాలేయాన్ని తొందరపెడుతుంది. మీరు వాడే ఇతర మందులను కాలేయం మామూలు కంటే వేగంగా ఖర్చు చేసేస్తుంది. గర్భనిరోధక మాత్రల మీద ఆధారపడిన స్త్రీలకు ఈ ఆరు నెలలు ఆ రక్షణ ఉండదు. కాపర్‌-టీ వంటి వేరే పద్ధతి కోసం ఏఎన్‌ఎంను అడగండి. షుగరుకు గ్లిమెపిరైడ్ వాడేవాళ్లకు షుగరు పెరగవచ్చు, తరచుగా పరీక్ష చేయించుకోవాలి. రక్తం పలచబడే మందులు, మూర్ఛ మందులు వాడేవాళ్లు మొదటిరోజే డాక్టరుకు చూపించాలి. హెచ్‌ఐవీకి ఇచ్చే ఏఆర్‌టీ మందులు వాడేవాళ్లు ఆ కేంద్రంలో తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే అక్కడ కూడా మోతాదు మార్చాల్సి రావచ్చు. చెప్పడానికి మొహమాటపడితే నష్టం మీకే.

మన వైపు ప్రతి ఇంట్లోనూ ఉండే గ్యాస్ సిరప్పును టీబీ మాత్రతో కలిపి తాగవద్దు. ఐసోనియాజిడ్‌ను అది ఒంటికి పట్టనివ్వదు. కనీసం రెండు గంటల ఎడం ఇవ్వండి.

పథ్యం గురించి రోజూ అడుగుతారు. పెరుగు వద్దా, వంకాయ వద్దా, గుడ్డు వద్దా అని. ఈ మందులకు అలాంటి పథ్యం లేదు. పప్పు, గుడ్లు, వేరుశనగలు, పాలు, మాంసం బాగా తినాలి. తిండి లేక బక్కచిక్కిన ఒంట్లో మందు ఒక్కటే ఎంతని పోరాడుతుంది? జార్ఖండ్‌లో రోగుల ఇళ్లకు అదనపు ఆహారం ఇచ్చి చూశారు. ఇంట్లోని మిగతావాళ్లకు కొత్తగా టీబీ రావడం బాగా తగ్గిందని 2023లో ఫలితాలు వచ్చాయి. నిక్షయ్ పోషణ్ యోజన కింద ప్రభుత్వం నెలకు 1000 రూపాయలు వేస్తుంది. 2024 నవంబరుకు ముందు అది 500 ఉండేది. మీ బ్యాంకు ఖాతా నమోదైందో లేదో మొదటి నెలలోనే అడిగి తెలుసుకోండి.

ఒక్క విషయంలో మాత్రం నెల్లూరు వాళ్లు జాగ్రత్తగా ఉండాలి, అది చేపలు. కానాగంతలు, కవళ్లు, ట్యూనా వంటి సముద్రపు చేపలు ఐసు లేకుండా కొన్ని గంటలు ఉంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది. మామూలుగా మన ఒళ్లు దాన్ని విరిచేస్తుంది. ఐసోనియాజిడ్ ఆ విరిచే ఎంజైమును అణచివేస్తుంది. ఫలితంగా తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడుతుంది, తల పగిలిపోతున్నట్టు ఉంటుంది, గుండె దడదడలాడుతుంది. ఎంత మరిగించినా హిస్టమిన్ పోదు. కాబట్టి ఈ ఆరు నెలలు పులుసు మానక్కరలేదు, తాజా చేప అయితేనే తినండి. మైపాడు ఒడ్డున అప్పుడే దించిన చేప వేరు, మధ్యాహ్నం దాకా తట్టలో ఎండలో తిరిగిన చేప వేరు.

మద్యం పూర్తిగా మానాలి. ఈ నాలుగింటిలో మూడు మందులు కాలేయం మీద భారం వేసేవే. చుట్ట, బీడీ కూడా అంతే. పొగాకు పొగ టీబీ రావడానికి, తిరగబెట్టడానికి దారి చేస్తుందని తెలిసిన సంగతే. టంగుటూరు, కొండపి వైపు పొగాకు బ్యారన్ల దగ్గర పనిచేసేవాళ్లకు ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంటుంది, ఆ పంటే వాళ్ల తిండి. అయినా చెప్పాలి. చీమకుర్తి వైపు రాయి కోత పని చేసేవాళ్లు కూడా డాక్టరుకు తమ పని ఏమిటో చెప్పాలి. రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే టీబీ ముప్పు పెరుగుతుంది.

దేనికి భయపడనక్కరలేదు, దేనికి పరుగెత్తాలి

మొదటి మాత్ర వేసుకున్న రోజే మూత్రం నారింజ రంగులో వస్తుంది. తెల్లటి బనియను చంకల దగ్గర ఎర్రగా మరక పడుతుంది. కన్నీళ్లు కూడా రంగు మారవచ్చు. ఇది రిఫాంపిసిన్ రంగు. వేడి చేసిందని సబ్జా నీళ్లు, మజ్జిగ తాగి మాత్ర ఆపేసిన వాళ్లు ఎందరో ఉన్నారు. మజ్జిగ తాగండి, మాత్ర ఆపకండి. మందు ఒంట్లోకి చేరిందనడానికి ఆ రంగే గుర్తు.

అయితే ఆ రంగు వల్ల ఒక చిక్కు ఉంది. కామెర్లు వస్తే మూత్రం పచ్చగా మారడం చూసి మనం పసిగడతాం. రిఫాంపిసిన్ వేసుకునేవాళ్లకు ఆ ఆనవాలు పనికిరాదు. పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడి, కింది రెప్ప లాగి కంటి తెల్లగుడ్డు చూసుకోండి. అది పచ్చగా ఉన్నా, అన్నం చూస్తేనే వాంతి వస్తున్నా, కుడి డొక్క కింద నొప్పి ఉన్నా మాత్రలన్నీ ఆపి అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి. పసరు పోయించుకోవడానికి మాత్రం వెళ్లకండి. దెబ్బతిన్న కాలేయానికి తెలియని ఆకు రసం మరింత చేటు చేయవచ్చు. రక్తపరీక్ష చేసి, కాలేయం తేరుకున్నాక డాక్టరే మందులను ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెడతారు. ఆ వరుస మీ అంతట మీరు వేసుకునేది కాదు.

ఇక క్యాలెండర్ సంగతి. ఇథాంబుటాల్ అరుదుగా కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. మొదట చెడేది ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా. వారానికి ఒకసారి గోడ మీది తెలుగు క్యాలెండర్ ముందు అదే దూరంలో నిలబడి, ఒక కన్ను అరచేత్తో మూసి ఆదివారాల ఎర్ర అంకెలు చదవండి. తర్వాత రెండో కన్ను. ఎరుపు వెలిసినట్టు అనిపించినా, అంకెలు మసకబారినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పండి. వెంటనే ఆ మందు ఆపితే చూపు చాలామందికి తిరిగి వస్తుంది.

అరికాళ్లలో తిమ్మిరి, మంట ఉంటే అది ఐసోనియాజిడ్ వల్ల బి6 విటమిన్ తగ్గడం. పైరిడాక్సిన్ మాత్రతో సరిపోతుంది. షుగరు ఉన్నవాళ్లకు, గర్భిణులకు దీన్ని మొదటి నుంచే ఇస్తారు. కీళ్ల నొప్పులు పైరజినమైడ్ వల్ల యూరిక్ ఆమ్లం పెరిగి వస్తాయి. రెండు నెలల తర్వాత ఆ మందు ఉండదు, నొప్పీ తగ్గుతుంది. కొద్దిపాటి దురదకు డాక్టరు మందు ఇస్తారు. ఒళ్లంతా దద్దుర్లు, నోట్లో పుండ్లు, జ్వరం కలిసి వస్తే మాత్రం మాత్రలు ఆపి వెంటనే వెళ్లాలి. బిడ్డకు పాలిచ్చే తల్లి ఈ మందులు వేసుకుంటూ పాలివ్వవచ్చు.

ఇంట్లో వాళ్లు, ఊరు మారే వాళ్లు

మందులు సరిగా పనిచేస్తుంటే సుమారు రెండు వారాల్లో ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. అంతవరకు కిటికీలు తెరిచి ఉంచడం, దగ్గేటప్పుడు తువ్వాలు అడ్డుపెట్టుకోవడం చాలు. కంచం, గ్లాసు వేరు చేయనక్కరలేదు. టీబీ గాలి ద్వారా వస్తుంది, ఎంగిలి వల్ల రాదు. ఒకప్పుడు డబ్బున్నవాళ్లు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంకు వెళ్లి నెలల తరబడి ఉండేవారు. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనంలో ఇరుకు ఇళ్లలోనే ఉంటూ మందులు వాడిన పేదలకు, శానిటోరియంలో ఉన్నవాళ్లకు జబ్బు దాదాపు ఒకేలా నయమైంది. ఇంటివాళ్లకు రోగం అంటడంలోనూ పెద్ద తేడా కనిపించలేదు. ఆ ఫలితం వల్లే ఇవాళ మీరు మీ మంచం మీద కూర్చుని మాత్ర మింగగలుగుతున్నారు.

ఇంట్లోని అందరికీ పరీక్ష చేయించండి, ముఖ్యంగా ఐదేళ్లలోపు పిల్లలకు. రోగం లేదని తేలినా, నిద్రపోతున్న క్రిమి లేవకుండా ఆరు నెలలు రోజూ ఐసోనియాజిడ్ గానీ, వారానికోసారి చొప్పున పన్నెండు మోతాదుల ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ గానీ ఇస్తారు.

ప్రకాశం మెట్ట ప్రాంతాల నుంచి బేల్దారీ పనులకు హైదరాబాదు, బెంగళూరు వెళ్లేవాళ్ల వైద్యం ప్రయాణంలోనే తెగిపోతుంది. టీబీ రోగిగా నమోదు చేసినప్పుడు ఇచ్చే మీ నిక్షయ్ నంబరును ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. దేశంలో ఏ ప్రభుత్వ కేంద్రంలోనైనా ఆ నంబరుతో మాత్రలు కొనసాగించవచ్చు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1800116666కు ఉచితంగా ఫోను చేయండి.

పరీక్షలో రిఫాంపిసిన్‌కు లొంగదని వచ్చినవాళ్లు కుంగిపోకండి. మామయ్య రోజులు కావు ఇవి. బెడాక్విలిన్ అనే మందు వచ్చింది. క్రిమి తన శక్తిని తయారు చేసుకునే యంత్రాన్నే ఇది ఆపేస్తుంది. నిద్రపోతున్న క్రిమికి కూడా కొద్దిపాటి శక్తి కావాలి కాబట్టి దానికీ తప్పించుకునే దారి లేదు. ఇది మరో మూడు మందులతో కలిసిన ఆరు నెలల వైద్యానికి మన దేశం 2024లో ఆమోదం తెలిపింది. ఇంజెక్షన్లు లేవు, అన్నీ మాత్రలే. అది మీకు సరిపోతుందో లేదో డాక్టరు నిర్ణయిస్తారు.

168వ రోజు మాత్రల తర్వాత

ఆఖరి అట్ట ఖాళీ కాగానే వైద్యం పూర్తయిందని మీరే తేల్చుకోకండి. గళ్ల పరీక్ష చేయించుకుని, నయమైందని రాయించుకోండి. ఆ తర్వాత ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు నెలలకు ఒక్కోసారి వెళ్లి చూపించుకోవాలి. ఆ నాలుగు తేదీలనూ ఇవాళే క్యాలెండర్ వెనుక రాసి పెట్టండి. చికిత్స కార్డు, మొదటి గళ్ల పరీక్ష కాగితం, చివరి పరీక్ష కాగితం మూడింటినీ రేషన్ కార్డు, ఆధార్ ఉన్న సంచిలోనే ఉంచండి. ఎన్నేళ్ల తర్వాతైనా మళ్లీ దగ్గు మొదలైతే, ఏ మందులు ఎన్నాళ్లు వాడారో డాక్టరు మొదట అడిగేది వాటినే.